మూడో అంశం

మా ఊళ్ళో ఎవరూ ఆగరు.
ఆగినవాళ్ళంతా ఆపితే ఆగినవాళ్ళే.

మేకన్ నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద
లాథ్రప్ ఫెర్రీ అని ఒక పచ్చ బోర్డు,
జనాభా ఆరువందల పన్నెండు,
ఒక పెట్రోలు బంకు, రెండు చర్చిలు,
ఉడకబెట్టిన వేరుశనక్కాయల బండి ఒకటి,
అది మా అమ్మది, ఇప్పుడు లేదు.
ఆ తర్వాత ఒక వంపు.
వంపు తిరగ్గానే యాభై అయిదు కాస్తా ముప్ఫై అవుతుంది.
అయిందని చెప్పే బోర్డు
కుడ్జు తీగ వెనక ఉంటుంది.

ఆ తీగ రోజుకో అడుగు పెరుగుతుందంటారు.
మేమేం నీళ్ళు పొయ్యలేదు.
కత్తిరించలేదు, అంతే.

నా పేరు ఐడెల్లా. రెండో కిటికీ.
అద్దానికి గుండ్రటి కన్నం, కింద డబ్బు జారే పళ్ళెం.
కౌన్సిల్ మీటింగుల మినిట్స్ కూడా
పద్దెనిమిదేళ్ళుగా నేనే రాస్తున్నాను.
ఒకటో అంశం: ప్రార్థన.
రెండు: గత నెల రాబడి.
మూడు: రోడ్డు పక్క తీగ కత్తిరింపు. వాయిదా.
మేయర్ రూకర్ నోరు తెరవకముందే
నా చెయ్యి వా దాకా రాసేసి ఉంటుంది.

క్లీవన్ టటిల్ తన కారుని
మూతపడ్డ పత్తి మిల్లు నీడలో పెడతాడు.
చెడ్డవాడని చెప్పలేను.
వరదొచ్చిన ఏడు మా అమ్మని వీపున మోసుకొచ్చాడు.
నంబరు ప్లేటు అడుగున జిల్లా పేరు
ఫర్లాంగు దూరం నుంచి చదవగలడు.
పైన పరుపు కట్టుకున్న కారు, వెనక పసిపిల్ల సీటున్న కారు,
అద్దె కారు,
వీళ్ళెవరూ కోర్టు తేదీకి తిరిగి రారు.
కట్టేసి పోతారు.
నూట ఎనభై ఏడు డాలర్లు.
ఆ ఏడెందుకని ఒక్కరూ అడగలేదు.

ఆ డబ్బుతో వీధి దీపాలొచ్చాయి.
మిలమిలలాడే ఫైరింజనొచ్చింది,
ఇంతవరకు మూడు మంటలార్పింది,
పదకొండు ఊరేగింపుల్లో నడిచింది.
నా పై వరస పళ్ళూ ఆ డబ్బే.
నవ్వితే కనిపిస్తాయి.

ఆగస్టులో ఒకామె వచ్చింది,
మోచేతికి కేకు క్రీము అంటుకుని.
వెనక సీట్లో మూడంతస్తుల పెళ్ళి కేకుందట,
ఏసీ పనిచెయ్యని కారట.
పర్సు బోర్లించింది. నోట్లు, చిల్లర,
చివర్న ఒక నీలం గుండీ.
పదకొండు డాలర్లు తక్కువ.
"ఆ బోర్డు ఎక్కడుందమ్మా?" అంది.
కోపంగా కాదు, తెలియని ఊళ్ళో
దారి అడిగినట్టు.
మూడో అంశంలో, అనబోయాను.
గొంతు సవరించుకున్నాను.

ఆ పదకొండూ క్లీవనే తన జేబులోంచి తీసిచ్చాడు.
టోపీ ఎత్తి ఆమెకి నమస్కారం పెట్టి
మళ్ళీ మిల్లు నీడలోకి వెళ్ళిపోయాడు.
నేను ముద్ర వేశాను.

రాత్రి అమ్మ తోట కత్తెర పట్టుకుని
వంపు దాకా నడిచాను.
ఆ తీగ పూలకి ద్రాక్షపళ్ళ వాసన,
అన్నేళ్ళు దాటిపోతూ ఎప్పుడూ గమనించలేదు.
కోసేకొద్దీ తీగే.
రెండు ఝాములకి ఇనుము తగిలింది.
ఎవరిదో లారీ లైటు పడి
ముప్ఫై
ఒక్కసారిగా నా ముఖంలోకి చూసింది.

తొమ్మిది రోజులు పళ్ళెం ఖాళీ.
నెమ్మదించిన కార్లలో ఒకటి
తనంతట తనే ఆగింది కూడా.
వేరుశనక్కాయల బండేదని అడిగాడు అందులో ముసలాయన.
లేదన్నాను.
కిటికీ దించి కాసేపు అలాగే కూచుని వెళ్ళాడు.

సెప్టెంబరు మీటింగు. ప్రార్థన. రాబడి, కొంచెం దగ్గుతూ.
మూడు: బోర్డు పాతబడింది,
నలభై గజాలు ముందుకి జరపాలి. ఆమోదం.
చేతులన్నీ లేచాయి.
మినిట్స్ రాసే చెయ్యి లెక్కలోకి రాదు,
రాస్తూ ఉంటుంది.

నలభై గజాల అవతల తీగ
రోడ్డు మీదికి చూరులా దిగి ఉంది.

కత్తెర నా సొరుగులో పెట్టాను, ముద్ర పక్కన.
తియ్యబోయినప్పుడల్లా
చూడకుండా చెయ్యి పెడతాను,
ఏది తగులుతుందో అని.